పసుపు కాళ్ల పావురం

"రక్తం వెచ్చగున్నప్పుడే రాయాలె, జల్ది కొయ్యి" అంటూ మా ఆయన పరమేష్ ఒక సంచి తెచ్చి వంటింటి గడప దగ్గర పెట్టాడు. అత్తమ్మకు పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు. పోయిన వారం ఊళ్లో నాటువైద్యం చేసే బుగ్గయ్య మామ ఒక పావురాన్ని కోసి, ఆ రక్తం ఆమె కుడిచేతికి పూసిపోయాడు. మూడోనాడు వేళ్లు కదిలాయి. ఇక చూడాలి సంబరం! పావురం పని చేసిందని శేరిగూడలో ఉన్న ఆడపడుచుదాకా ఫోన్లు పోయాయి.

నేను చేసింది ఎవరికి పట్టింది? ఇబ్రహీంపట్నం దవాఖానలో నేర్పినట్టు పొద్దున గంట, సాయంత్రం గంట, ఆ చేతిని ఒక్కో వేలూ వంచి, చాచి, మణికట్టు తిప్పి, ఎనిమిది నెలలు. నా భుజాలు పట్టేశాయి. "ఇంట్లనే ఉంటవు గద, నీకేం పని" అని మాత్రం రోజూ వింటాను. ఆ రెండు గంటలూ నా కళ్లు కిటికీ అవతలి మేడిచెట్టు మీదే. మొదట ఆకులే అనుకున్నాను, అందులో ఒకటి మెడ తిప్పింది. ఆయన్ని అడిగితే, "చిలుకలే గవి" అన్నాడు తలెత్తకుండానే. చిలుకకు ముక్కు వంకర, వీటికి లేదు. బూడిదరంగు తల, రెక్క మొదట్లో వంగపండు రంగు మరక, పసుపు రాసుకున్నట్టు కాళ్లు. మామూలు పావురాల్లా గురగురమనవు, ఈల వేసినట్టు కూస్తాయి. గింజలు చల్లినా నేలకు దిగలేదు, మేడిపళ్లే తిన్నాయి. పచ్చ పావురాలని తేల్చుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఈ ఇంట్లో నాకై నేను తెలుసుకున్నది అదొక్కటే.

సంచి విప్పాను. పసుపు కాళ్లు రెండూ దారంతో కట్టేసి ఉన్నాయి.

"గిదేడ దొరికింది?"

"మన మేడిచెట్టు మీదనే. బుగ్గయ్య మామ వల వేసిండు. అడవి పావురమంట, మస్తు పని చేస్తదట."

"చిలుకలంటివి గద?"

ఆయన కత్తి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నాకు ఏడుపు రాలేదు, విసుగొచ్చింది. కత్తితో దారం తెంపి, పెరటి తలుపులోంచి పావురాన్ని పైకి వదిలేశాను.

"పిచ్చి లేసిందా నీకు? అమ్మ చెయ్యి ఎట్ల బాగైతది?" అని అరిచాడు.

ఆయన్ని మంచం దగ్గరికి తీసుకుపోయి, అత్తమ్మ వేళ్లను ఆయన అరచేతిలో పెట్టాను.

"ఎట్లనో చూపిస్త. బొటనవేలు కాడ మొదలువెట్టు. ఒక్కోటి ఇరవైసార్లు. ఇగ పొద్దటి గంట నీదే."

"నాకు రాదే నవతా."

"నాకు గూడ రాకుండె."