సొరతీగ కింద అసెల్లస్

మా కొట్టులో రాతి శవపేటికలు ముందే చెక్కి పెడతాం. బొమ్మల్లో ఒకడి ముఖం మాత్రం నున్నగా వదిలేసి, బేరం కుదిరాక చనిపోయినవాడి పోలికలు దించుతాం. ఆ ఏడు నేను చెక్కిన ఒక పేటిక మీద, తీగ కింద ఒకడు ఒళ్ళు మరిచి నిద్రపోతుంటాడు. రోములో అందరికీ వాడు చంద్రదేవత మనసుపడ్డ కాపరి. క్రీస్తును నమ్మిన మాకు మాత్రం చేప కడుపులోంచి బయటపడి సొరచెట్టు నీడన పడుకున్న యోనా. మమ్మల్ని పట్టిచ్చేవాళ్ళు వీధికొకడున్న రోజులవి. అందుకే చేపను చెక్కలేదు.

ఒక పొద్దున మార్కియానా అనే విధవరాలు వచ్చింది. భర్త అసెల్లస్ పోయాడట. తిన్నగా ఆ పేటిక దగ్గరికే నడిచింది. నాకు అక్కడే అనుమానం తగిలింది.

"అన్నా, ఈ పడుకున్నాయన ఎవరు?"

"మీరెవరనుకుంటే వాళ్ళేనమ్మా."

"పక్కన ఓ చేప ఉంటే బాగుండేదేమో."

చేప చెక్కితే నా తల నేనే అప్పజెప్పినట్టు. ఏడ్చి ఉబ్బిన ఆ కళ్ళు కూడా వేషమేననిపించింది. నా దగ్గరా ఈ ఎత్తులు అనుకున్నాను.

"చేపలు కావాలంటే సంతకెళ్ళండి. ఇక్కడ ఖాళీగా వదిలిన రాతిలో చంద్రదేవత దిగివస్తున్నట్టు చెక్కుతాను. వద్దంటారా?"

ఆవిడ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. "వద్దని ఎందుకంటాను? చెక్కు."

గెలిచాననుకున్నాను. ఆవిడ చెప్పిన పోలికలతో అసెల్లస్ ముఖం దించి, మీదికి వంగిన దేవతను నెలవంకతో సహా చెక్కి, బండెక్కించి పంపాను. పీడా వదిలిందనుకున్నాను.

మేము ప్రార్థనకు చేరే ఇల్లు అప్పటికే పట్టుబడింది. మరుసటి ప్రభువు దినాన, ఆదివారం, క్రీస్తు శరీరమని తలిచి రొట్టె విరిచి పంచుకోవడానికి మావాళ్ళదే వేరే గుంపులోకి వెళ్ళాను. ఆ గుంపు పెద్దాయన ప్రార్థనలో అసెల్లస్ పేరు తలిచాడు. దేవతల ముందు చిటికెడు సాంబ్రాణి వెయ్యనన్నందుకు చెరసాలలో కొట్టి చంపారట. ఉలిక్కిపడి తలెత్తాను. ఎదురుగా మార్కియానా.

"నువ్వు మనవాడివేనా?" అంది మెల్లగా. "వేగువాడివనుకున్నానన్నా. దేవత వద్దంటే నన్నూ పట్టిస్తావని ఒప్పుకున్నా."

"నేనూ మిమ్మల్ని అలాగే అనుకున్నానమ్మా. ఆ బొమ్మ చెక్కి తీసేస్తాను."

"సమాధి మూసేశారు. తెరిపిస్తే ఎందుకని అడుగుతారు."

ఏ దేవతలకు మొక్కనని ఆయన ప్రాణం వదిలాడో, వాళ్ళలో ఒకదాన్నే ఆయన గుండెల మీద కూర్చోబెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను. రొట్టె నా దాకా వచ్చింది. తుంచుకోకుండానే పక్కవాళ్ళకు అందించాను.