మిరపకాయల మండీ డిస్కు

అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో కంప్యూటర్ డిస్కులు పొడి చేసే షెడ్డుకు వెంకట్రామ్ ఒక్కడే పోవాలనుకున్నాడు. వదిన వాసవాంబ కుంకుమ డబ్బీ పట్టుకుని ముందే కారెక్కి కూర్చుంది. ఏటా ఆయుధపూజకు బొట్టు పెట్టిన వస్తువును ఊరికే పగలగొడతారా అంది. అతను కారు స్టార్ట్ చేశాడు.

అన్న పోయాడు, మిరపకాయల మండీ అమ్మేశారు. పాత లెక్కలు మండీ కొన్నవాళ్ల చేతికి పోకుండా కంప్యూటర్ డిస్కును నాశనం చేయించాలి. పైకి చెప్పే కారణం అది. అసలు భయం వేరు. మండీలో ఆర్డర్లన్నీ ఫోన్లోనే. రేపు ఎవడైనా మాట మారిస్తే వినిపించడానికని ప్రతి ఫోన్‌కాలూ కంప్యూటర్లో రికార్డయ్యేట్టు పెట్టించింది వెంకట్రామే. పెట్టించిన మహానుభావుడు ఆ సంగతే మరిచాడు. ఆస్పత్రి నుంచి అన్న మండీకి ఫోన్ చేసి క్యాన్సరని ఏడిస్తే, “వదినకు చెప్పొద్దు, అల్సరందాం” అన్నాడు. అన్న పోయాక గుర్తొచ్చింది. రికార్డింగులు చెరిపేశాడు గానీ, చెరిపినవి మళ్లీ తీయొచ్చని ఎవరో అనేసరికి కంటిమీద కునుకు లేకుండా పోయింది.

షెడ్డులో మెషిన్ నడిపే సతీష్ డిస్కును ఆమె చేతికిచ్చాడు. ఆమె బొట్టు పెట్టి, దాన్ని ఒళ్లోనే ఉంచుకుంది.

“మీ అన్న గొంతు దీంట్లోనే గదా ఉండేది?” అంది.

వెంకట్రామ్ డిస్కు కోసం చెయ్యి చాపాడు. ఇంటికి తీసుకుపోతానంటే తన పని అయిపోయినట్టే.

“అంతా మిరపకాయల బేరమే వదినా. ఇచ్చెయ్యి.”

ఆమె లేచి డిస్కును తానే మెషిన్లో వేసింది. అది కరకరా నమిలి కింద ట్రేలోకి రేకుముక్కలు రాల్చింది. వెంకట్రామ్ హమ్మయ్య అనుకున్నాడు.

“ఇంక ఎవురన్నా వినొచ్చునా?” అని ఆమె సతీష్‌ను అడిగింది.

“ఎవురివల్లా కాదమ్మా.”

“సెరి. ఆయన ఏడ్చింది ఇంకెవురూ వినకూడదు,” అంది ఆమె.

వెంకట్రామ్ ఆమె వైపు తిరిగాడు.

“నువ్వు భోజనానికి పోతే గల్లాకాడ కూర్చునేది నేనే గదా. కంప్యూటర్లో ఆర్డరొకటి వెతకతా ఉంటే మీ మాటలు వినపడినాయి. అప్పటికి మీ అన్న బతికే ఉండాడు.”

“మరి అడగలేదే వదినా?” అతనికి తలెత్తాలంటే సిగ్గేసింది.

“ఎట్టా అడిగేది? నాకు తెలీదనే గదా ఆయన ఇంట్లో నవ్వతా ఉండింది. అల్సరుకు మంచిదని దినామూ మజ్జిగన్నం కలిపి పెట్టినా.”