రెండో కొలత

తుపాకుల మేస్త్రి ఇంట్లో పెద్ద గిన్నెలో నీళ్ళు కాగేది స్నానానికి కాదు, తుపాకి గొట్టాలు కడగడానికి. మూతిలోంచి మందు పోసి, సీసపు గుండు దట్టించి పేల్చే పాతకాలపు తుపాకులవి. పేల్చిన రోజే కడక్కపోతే తెల్లారేసరికి లోపల తుప్పు కాపురం పెట్టేస్తుంది. కడుగుతుంటే కుళ్ళిన కోడిగుడ్డు కంపు ఇల్లంతా లేస్తుంది. ముక్కు మూసుకునేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఉన్నదే ఇద్దరు, అతనూ అతని భార్యా.

నాలుగేళ్ళ కిందట ముగ్గురు ఉండేవారు. మూడో ఆయన మామగారు, భార్యకి తండ్రి. అల్లుడికి ఈ పని నేర్పింది ఆయనే, తిట్టి మరీ నేర్పాడు. ముక్కు మీద కోపం. పోయాడన్న మాటే గానీ, ఇల్లు వదిలి పోలేదు. మేస్త్రి గొట్టంలో కడ్డీ ఆడించినప్పుడల్లా వెనకాల ఎవరో గొంతు సవరించుకుంటారు. తిరిగి చూస్తే బల్ల, పట్టకారు, నూనె సీసా, మామగారి కుర్చీ. ఎవరూ కూర్చోని ఆ కుర్చీ మీద దుమ్మన్నది కనబడదు. భార్యే తుడుస్తోందనుకుంటాడు. అడిగి తెలుసుకునే ధైర్యం మాత్రం చాలదు.

ఆమె బాధ వేరు. మైదానంలో పాత తుపాకుల గురిపోటీ రోజున మామగారి చేతిలో తుపాకి గొట్టం పగిలి ఆయన పోయాడు. లోపల ఏదో అడ్డుపడి ఉంటుందని పెద్దలు తేల్చారు. ముందురోజు ఆ గొట్టం కడిగింది కూతురే. గుడ్డపేలిక ఒకటి లోపలే వదిలేశానన్నది ఆమె మనసులో నాటుకుపోయింది. అప్పట్నుంచి పది పేలికలు లెక్కపెట్టి తీసుకుంటుంది, పని అయ్యాక పదీ లెక్కపెట్టి పెడుతుంది, సగం దూరం వెళ్ళి మళ్ళీ వచ్చి లెక్కపెడుతుంది. కంచం ముందు కూర్చున్నా వేళ్ళు ముడుస్తూనే ఉంటుంది.

"మా నాన్నని నేనే చంపుకున్నానండీ" అని ఆమె ఏడ్చినప్పుడల్లా, "నీ తప్పేం లేదు, ఊరుకో" అంటాడు మేస్త్రి. ఆ మాట అక్షరాలా నిజమని తెలిసినవాడు ఈ భూమ్మీద అతనొక్కడే. ఎలా తెలుసో మాత్రం చెప్పడు. చెబితే ఆమె తన దగ్గర ఉండదు. అదే అతని భయం, పగలూ రాత్రీ అదే.

జరిగింది ఇది. తుపాకి దట్టించేవాడితో ఎవరూ మాట్లాడకూడదని మైదానంలో కట్టుబాటు. మాట్లాడితే వాడి లెక్క తప్పుతుంది. పోటీకి వారం ముందు మామగారు దట్టిస్తుంటే అల్లుడు ఏదో అడగబోయాడు. "అది నోరా, తలుపుల్లేని వాకిలా?" అని పదిమందిలో కడిగేశాడాయన. అతనికి తల కొట్టేసినట్టయింది.

పోటీ రోజున మామగారు కొలగొట్టంతో మందు కొలిచి పోశాడు. రోడ్డు మీద లారీ హారన్ మోగితే తలెత్తి చూశాడు. తల దించి, మళ్ళీ కొలిచి, మళ్ళీ పోశాడు. పక్కనే నిలబడ్డ అల్లుడు చూశాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. 'మాట్లాడకూడదుగా! మహా అయితే భుజం అదురుతుంది, పదిమందీ నవ్వుతారు, నవ్వనీ' అనుకుని నోరు మెదపలేదు. వందేళ్ళ నాటి గొట్టం రెండు కొలతలు మోయలేకపోయింది. ఇంటికొచ్చి భార్యతో, ఆ సమయానికి తను దూరంగా గురిబల్లల దగ్గర ఉన్నానని చెప్పాడు.

ఈ ఆదివారం ఉన్నట్టుండి ఆమె, "నేనూ వస్తాను మైదానానికి. నాన్న రెండో తుపాకి నేను పేలుస్తాను" అంది. నాలుగేళ్ళుగా ఆ గేటు వైపే చూడని మనిషి! మేస్త్రికి వద్దనడానికి సాకు దొరకలేదు.

మైదానంలో ఆమె తుపాకిని నిలబెట్టి, మందు కొలిచి, కొలగొట్టాన్ని రెండు వేళ్ళతో తట్టింది. అచ్చం మామగారి తట్టుడే. ఆ వేళ్ళు ఆయనవేనేమో అనిపించింది మేస్త్రికి. ఆమె మందు పోసింది. తలెత్తి రోడ్డు వైపు చూసింది. రోడ్డు మీద ఏమీ లేదు. అతని వైపు వీపు తిప్పి, మందు నింపిన కొమ్ముబుర్ర అందుకుని, మళ్ళీ కొలిచినట్టుంది. కొలగొట్టం తుపాకి మూతి దగ్గరికి వెళుతోంది. అతని చెవి పక్కనే ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఆగు! రెండోసారి పోస్తున్నావు!"

ఆ అరుపుకి మైదానమంతా తిరిగి చూసింది. ఆమె ఆగింది. కొలగొట్టాన్ని అరచేతిలో బోర్లించి చూపించింది. ఒక్క రవ్వ రాలలేదు.

"ఖాళీదేనండీ" అంది. "మొన్న గేటు కాపలా తాత కనబడ్డాడు. 'ఆ రోజు లారీ హారన్‌కి మీ నాన్న తలెత్తి చూసినప్పుడు మీ ఆయన పక్కనే ఉన్నాడు కదమ్మా, ఆయనకేం దెబ్బ తగల్లేదా?' అనడిగాడు. మీరేమో గురిబల్లల దగ్గరున్నానన్నారు."

మేస్త్రి ఆమె చేతిలోని ఖాళీ కొలగొట్టం వంక చూశాడు.

"హారన్‌కి లెక్క తప్పి నాన్న రెండుసార్లు పోశాడు, కదూ?"

తల ఊపాడు.

"మీరు చూశారు."

"చూశాను. కట్టుబాటని... కాదు, కోపంతో ఊరుకున్నాను. అంత జరుగుతుందని కల్లో కూడా అనుకోలేదు." అతను ఒకడుగు ముందుకేశాడు. "ఇప్పుడు అరిచానుగా! నీకేమవుతుందోనని నా ప్రాణం పోయినంత పనైంది."

"అరిచారు. అదే చూద్దామనుకున్నాను. మీరు అరవకపోయుంటే, పాపం, భయంతో నోరు పెగలని మనిషి, నాన్న విషయంలోనూ అంతే అయ్యుంటుందని సర్దుకునేదాన్ని. కానీ రెప్పపాటు కూడా పట్టలేదు మీకు." ఆమె తుపాకిని బల్ల మీద పెట్టింది. "నాన్నకి ఆ రెప్పపాటు దక్కలేదు. నేను నాలుగేళ్ళు మీ కళ్ళముందే ఏడిస్తే నాకూ దక్కలేదు."

ఆమె గేటు వైపు నడిచింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఏమైందని అడుగుతున్నారు. మేస్త్రి వాళ్ళ వైపు తిరిగి, "మా మామగారు రెండోసారి మందు పోస్తుంటే నేను చూశాను. చూసి ఊరుకున్నాను. తప్పు మా ఆవిడది కాదు" అని గట్టిగా చెప్పాడు. అర్థం కాలేదేమోనని ఇంకోసారి, ఇంకా గట్టిగా చెప్పాడు. అప్పటికి ఆమె గేటు దాటి వెళ్ళిపోయింది.