ఖాళీ స్థలంలో చెక్కపేళ్లు

చెట్లు కొట్టే పని చేసే ఆమెను ఊరంతా వదిన అనే పిలుస్తుంది. ఆమె లారీ నడిపే మరిది పొద్దస్తమానం "వదినా, వదినా" అని అరవడం వల్ల దక్కిన బిరుదు అది.

కొట్టిన కొమ్మల్ని మిషనులో వేసి పేళ్లు చేసి, ఊరి చివర ఎరువు యార్డుకు తోలి, తూకం చీటీ తెచ్చుకోవాలని చట్టం. నిన్న యార్డు ముందు లారీల బారు చూడగానే మరిదిగారికి బద్ధకం ముంచుకొచ్చింది. లారీడు పేళ్లనూ పక్క కాలనీ ఖాళీ స్థలంలో గుమ్మరించి, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. ఇలాంటి ఘనకార్యానికే ఇదివరకు ఒక నోటీసు వచ్చింది. ఇంకొకటి వస్తే లైసెన్సు రద్దు. లైసెన్సు పోతే మిషను తుప్పు పట్టాల్సిందే, ఇంట్లో పొయ్యి ఆరాల్సిందే.

అందుకే పొద్దున్నే షెడ్డు ముందు మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు బండి ఆగగానే వదిన మరిది చెవి పట్టుకుంది.

"ఆ పేళ్లు మనవి కావు, మనకేం తెలీదు. నీ నోట్లో నువ్వు గింజ నానదు కాబట్టి అసలు నోరే తెరవకు."

ఇన్‌స్పెక్టరు కూర్చుని, గుప్పెడు పేళ్లు టేబులు మీద పోశాడు.

"ఇవి మీవేనా అమ్మా?"

"కాదు సార్. ఊళ్లో ఇంకా నాలుగు మిషన్లున్నాయి కదా."

"నేనూ అదే అనుకున్నా. ఇదెవరో చేతకానివాళ్ల పని. చూడండి, ఎంత గరుగ్గా ఉన్నాయో! బ్లేడు మొద్దుబారిపోయుంటుంది."

వదిన దవడ బిగిసింది.

"పైగా ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కొడవలితో నరికినా ఇంతకంటే నయంగా వచ్చేవి."

"కొడవలితోనా!" వదిన ఒక పేడు లాక్కుంది. "కళ్లు పెట్టుకుని చూడండి సార్! అన్నీ బొటనవేలి గోరంత, ఒకే కొలత. రోజూ పొద్దున్నే నా చేత్తో ఆకురాయి పట్టి పదును పెడితే వచ్చిన నునుపిది! మొద్దుబారిందట! ఇలాంటి పేడు నా మిషను తప్ప..."

అక్కడ ఆగింది. మరిది రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. వదిన మాట ఇన్‌స్పెక్టరు పుస్తకంలో పడడానికి నిమిషం కూడా పట్టలేదు. ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి.

ఇన్‌స్పెక్టరు తాపీగా ఫోను తీసి ఒక ఫోటో చూపించాడు. లారీ, దాని నెంబరు, పక్కనే ఈల వేస్తున్న మరిది.

"ఇది నిన్ననే నా దగ్గరికొచ్చింది. రుజువు చూపించాక ఒప్పుకుంటే లైసెన్సు రద్దే. అంతకుముందే మీ అంతట మీరు ఒప్పుకుంటే హెచ్చరికతో సరి. సాయంత్రంలోగా అంతా ఎత్తి యార్డుకు చేర్చి, చీటీ తెచ్చి చూపించండి."

"ఆ మాటేదో ముందే చెప్పొచ్చు కదా సార్!"

"చెప్తే మీ అంతట మీరు ఒప్పుకున్నట్టు ఎలా అవుతుంది? గాలివానకి రోడ్డు మీద చెట్టు పడితే పిలవగానే వచ్చేది మీరొక్కరే. మిమ్మల్ని పోగొట్టుకుని నేనేం చెయ్యను? మిమ్మల్ని తిడితే నోరు విప్పరు గానీ, మీ బ్లేడుని తిడితే ఊరుకోరని తెలుసు."

కోపం ఒకపక్క, లైసెన్సు దక్కిందన్న సంతోషం ఒకపక్క. వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి. మరిది చేతిలో పార పెట్టి, తనూ ఒకటి అందుకుంది. కానీ గుమ్మం దాటుతున్న ఇన్‌స్పెక్టర్ని ఆపకుండా ఉండలేకపోయింది.

"సార్, ఒక్కమాట. అవి నిజంగా గరుగ్గా ఉన్నాయా?"