రెండు గంటల కోటు

మా కుట్టు దుకాణంలో కిటికీ పక్క కుర్చీకి ఒక షరతు ఉంది. అక్కడ కూర్చున్నవాళ్లే వచ్చినవాళ్లతో మాట్లాడాలి. ఇన్నాళ్లూ అక్కడ కూర్చున్నాయన పని మానేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. మాస్టారు నన్ను పిలిచాడు.

"వెనక గదిలో ఆ గుడ్డి లైటు కింద నీ కళ్లు పోతున్నాయమ్మా. ముందుకొచ్చి కూర్చో. కానీ ఇంగ్లీషులో అడిగినవాళ్లకి ఇంగ్లీషులో జవాబు చెప్పాలి. ఓ వారం చూస్తా. కుదరకపోతే ఇంగ్లీషు వచ్చిన మనిషిని తెచ్చుకుంటా. ఇద్దరికి జీతాలివ్వలేను, ముందే చెప్తున్నా."

నా పని రఫూ. బట్టకు పడ్డ కన్నాన్ని ఆ బట్ట అంచు మడతలోంచే లాగిన దారంతో అడ్డంగా, నిలువుగా అల్లి, అక్కడ కన్నం ఉండేదని తెలియకుండా మూసేయడం. బయటి దారం వాడితే రంగు ఎంత కలిసినా పట్టుబడిపోతుంది. ఒక్కో పోగూ తెగకుండా లాగాలి. వెలుతురు లేకపోతే సూది ఎటు పోతోందో తెలియదు. అందుకే నాకు ఆ కుర్చీ కావాలి. తీరా కూర్చున్నాక ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది. తలుపు గంట మోగితే చాలు, సూది ఆపి తలుపుకేసి చూసేదాన్ని.

ఇంగ్లీషు మా కోడలు నేర్పింది. మా ఆయన పోయాక తెలుగు అక్షరాలు దిద్దించింది కూడా ఆ పిల్లే కనుక ఆమె దగ్గర నాకు సిగ్గు లేదు.

"వచ్చినవాళ్లు రెండే అడుగుతారు అత్తయ్యా. ఎంతసేపు పడుతుంది, ఎంతవుతుంది. మీరు 'ఇట్ టేక్స్' అని మొదలుపెట్టండి. మనం 'పడుతుంది' అంటామే, అదే. టైము పడితే టైము, డబ్బు పడితే డబ్బు, ఓపిక పడితే ఓపిక. దాని వెనకాల ఎంతో చెప్పెయ్యడమే."

"ఎంతో అంటే?"

"ఇదిగో, ఈ వాషింగ్ మెషీను చూడండి. ఇది మొత్తం తిరగడానికి రెండు గంటలు పడుతుంది. ఇట్ టేక్స్ టూ అవర్స్. ఏదీ, అనండి."

అన్నాను. మెషీనులో బట్టలు వేసిన ప్రతిసారీ దాని ముందు నిలబడి అన్నాను. మనవరాలు దాని మీద చరిచి, "విన్నావా? మా నాయనమ్మ రెండు గంటలే అంది. ఒక్క నిమిషం ఎక్కువ తీసుకున్నావో, నీ పని చెప్తా!" అని బెదిరించేది.

వారం సగం గడిచింది. ఆ రోజు మాస్టారు గుడ్డ కొనడానికి బయటికి వెళ్లాడు. లోపల కత్తెరక్క ఒక్కతే ఉంది. ఆవిడ పని బట్టలు కత్తిరించడమే కానీ, ఆ పేరు మాత్రం నోటిని చూసి పెట్టారు.

గంట మోగింది. పొడుగాటి మనిషి. ఒక చేతిలో వయొలిన్ పెట్టె, ఇంకో చేతి మీద నల్ల కోటు. కోటు బల్ల మీద పరిచి కుడి భుజం వెనక వేలు పెట్టి చూపించాడు. పురుగు కొట్టిన కన్నం, బొటనవేలు దూరేంత. వీధి అవతల కచేరీ హాలు చూపించాడు. "టునైట్" అన్నాడు. ఎంతసేపు పడుతుందని అడిగాడు. అడిగింది నాకు పూర్తిగా అర్థమైంది. ఆ సంబరమే నా కొంప ముంచింది.

"ఇట్ టేక్స్ టూ అవర్స్" అన్నాను.

మంచినీళ్లు తాగినంత సులువుగా వచ్చేసింది. ఆయన ముఖం విప్పారింది. గుండె మీద చెయ్యి వేసుకుని ఏదో మంచిమాట అని, గబగబా వెళ్లిపోయాడు. తలుపు మూసుకున్నాక కన్నాన్ని సరిగ్గా చూశాను. అది రెండు రోజుల పని.

"ఏం వదినా, రెండు గంటలా?" కత్తెరక్క లోపలినుంచి వచ్చింది. "ఆ కన్నాన్ని కుడతావా, ఊది మూస్తావా?"

"మెషీను మాట వచ్చేసింది. దాని ముందే నేర్చుకున్నాగా, గంటలతో సహా అంటుకుపోయింది."

"మరి నిలబడ్డావేం? పరిగెత్తి పిలు!"

"పిలిచి ఏమని చెప్పను? నాకొచ్చింది ఆ ఒక్క ముక్కే."

"నాకు ఆ ముక్కా రాదు. మాస్టారు రానీ, ఇద్దరం కలిసి తిట్లు తిందాం."

కూర్చుని అంచు మడత విప్పాను. మొదటి పోగు లాగుతుంటే చెయ్యి వణికింది, తెగింది. రెండోదీ తెగింది. గోడ గడియారం నా నెత్తిమీదే కొట్టుకుంటున్నట్టుంది. తొందరలో అల్లితే గుడ్డ ముడుచుకుపోతుంది. ఆయన వయొలిన్ కమాను పట్టి చెయ్యి లేపగానే, అంతమంది ముందు, కన్నం ఇంకా పెద్దదవుతుంది.

సూది బల్లకు గుచ్చేశాను. రెండు గంటల్లో ఏం కాదో తెలిసింది. ఏం అవుతుందో ఆలోచించాను. లైనింగు విప్పి, లోపలి అంచులో మిగులు గుడ్డ ముక్క కత్తిరించి, కన్నం వెనక ఆనించి, చెయ్యి ఆడేలా వదులుగా, ముక్కను పట్టి ఉంచే కుట్లు వేశాను. దూరం నుంచి కనపడదు. ఒక్క రాత్రికి నిలుస్తుంది, నిలవాలి. అయితే అది రఫూ కాదు. ఆ సంగతి చెప్పకుండా కోటు చేతిలో పెడితే మోసం.

"కత్తెరక్కా, నువ్వు ఆయనవై రా."

ఆవిడ స్కేలు గడ్డం కింద పెట్టుకుని, టేపు కమానులా లాగుతూ వచ్చింది. "హలో మేడమ్! నా కోటేదీ?"

"టునైట్ ఓకే. టుమారో... నో."

"అయ్యో మేడమ్, రేపు ఊడిపోతుందా? ఇవాళ కచేరీకి వచ్చి పట్టుకుని కూర్చోండి మరి!"

"నవ్వించకే, మర్చిపోతా."

నేను చెప్పిన సమయానికే ఆయన వచ్చాడు. ఆయన వెనకే గుడ్డ తాను చంకన పెట్టుకుని మాస్టారు కూడా వచ్చాడు. కోటు బల్ల మీద తిరగేసి, కుట్లు చూపించాను.

"టునైట్ ఓకే. టుమారో నో. కమ్ అగైన్. ఇట్ టేక్స్ టూ డేస్." ఆయన పర్సు తీశాడు. నేను తల అడ్డంగా ఊపాను. "టుడే మనీ నో."

ఆయన ఆ ముక్కను వేలితో తడిమి చూశాడు. కోటు తొడుక్కుని, లేని వయొలిన్ భుజాన ఆనించి, చెయ్యి పైకి లేపాడు. వెనకనుంచి టప్పుమంది. నా ప్రాణం పోయింది. చూస్తే కత్తెరక్క చేతిలో స్కేలు కింద పడింది. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు.

"రెండు గంటలని చెప్పి రెండు రోజులన్నావా?" అన్నాడు మాస్టారు. ఈలోపే కత్తెరక్క ఆయన చెవిలో అంతా ఊదేసింది. "డబ్బూ తీసుకోలేదు. మళ్లీ రాకపోతే?"

"రాకపోతే వెనక గదిలోకి పోతాను, మాస్టారూ."

"కొత్త మనిషి వస్తే వెనక గదెక్కడిది? ఇంటికే."

ఇంట్లో కోడలికి చెప్పలేదు. చెబితే తన తప్పనుకుంటుంది. మెషీను తిరుగుతుంటే ఆ వైపుకే పోలేదు. కళ్ల ముందు ఆ భుజం, ఆ కమాను, పైకీ కిందికీ. ఒక్కో కుట్టూ నా ఒంట్లోనే తెగుతున్నట్టుంది.

మర్నాడు పొద్దున్నంతా గంట మోగుతూనే ఉంది. మోగినప్పుడల్లా వేరే ఎవరో. "కచేరీ అదిరిపోయుంటుంది వదినా. కోటు ఊడినా జనం చప్పట్లే కొట్టుంటారు" అని కత్తెరక్క నా ముఖం చూసి ఊరుకుంది. భోజనాలు అయ్యాక వచ్చాడాయన. కోటు మడతపెట్టి తెచ్చాడు. మాస్టారు ముందున్నాడు కనుక ఆయన్నే అడిగాడు, ఎంతసేపు పడుతుందని.

మాస్టారు పక్కకు జరిగాడు. నావైపు చూశాడు.

కోటు కిటికీ దగ్గరికి తీసుకుపోయాను. కుట్లు నిలిచాయి. ఒక మూల మాత్రం లేచింది, సూది పోట్లు కనపడుతున్నాయి. వాటినీ మూయాలి. అంచు మడతలో ఎంత దారం మిగిలిందో వేలితో తడిమి చూసుకున్నాను. నిన్న తెంపిన రెండు పోగులూ గుర్తొచ్చాయి. అప్పుడు నోరు తెరిచాను.

"ఇట్ టేక్స్ త్రీ డేస్."

ఆయన సరేనన్నాడు. వెళ్లేముందు లేని కమాను ఒకసారి గాలిలో లాగి, కత్తెరక్కకేసి నవ్వాడు.

మాస్టారు నా పక్కనుంచి పోతూ ఆగాడు. "ఆ పరదా పూర్తిగా పక్కకి లాగు. సగం వెలుతురు గోడకే పోతోంది" అన్నాడు.

లాగాను. కోటు ఒళ్లో పెట్టుకుని మడత విప్పాను. చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. అది ఆగేదాకా పోగు ముట్టుకోకుండా కూర్చున్నాను.