చల్లగానే ఉన్న ప్లేటు

కారు బానెట్ మీద పాలిష్ మిషను తిరుగుతుండగానే స్పాంజి ప్యాడు ఊడి, గిర్రున ఎగిరి, గోడకు కొట్టుకుని కింద పడింది. నెల తిరక్కుండా ఇది మూడోది. మేస్త్రి దాన్ని తీసి తిరగేసి చూశాడు. వెనక అతికిన వెల్క్రో పొర చేతికి ఊడి వచ్చింది. నడిమధ్యన స్పాంజి కరిగి బొటనవేలు పట్టేంత గుంట పడింది. ప్యాడును పట్టి ఉంచే ప్లేటు సంగతీ అంతే. దాని సన్నటి ముళ్ళు మధ్యలో మెత్తబడి పడుకుండిపోయాయి.

ఇరవై రెండేళ్ళుగా కార్లకు పాలిష్ పడుతున్న మనిషికి ఇదెందుకవుతుందో ఒకరు చెప్పక్కర్లేదు. వేడి. మిషను మీద బరువేసి నొక్కినా, వేగం పెంచి ఒకేచోట తిప్పినా, ఒక్క ప్యాడుతోనే కారంతా లాగించినా మధ్యలో పుట్టిన వేడికి బయటికి దారి దొరకదు. జిగురును తినేస్తుంది. అందుకే ఆయన కారుకు నాలుగు ప్యాడ్లు పెట్టుకునేవాడు. ఒక డోరు అవగానే ప్యాడు తీసి, బ్రష్షుతో దులిపి, గాలికి పెట్టి, ఇంకొకటి తగిలించేవాడు. తీసిన ప్రతిసారీ ప్లేటు మీద వేళ్ళు ఆనించి, చల్లగానే ఉందనుకున్నాకే మళ్ళీ మిషను పట్టేవాడు.

ఇంత జాగ్రత్తపడే తన దగ్గర ప్యాడ్లు కరుగుతున్నాయంటే, ఎవరో కళ్ళుగప్పి మిషను వాడుతున్నారన్నమాటే.

ఆ ఎవరో ఎవరని బుర్ర బద్దలు కొట్టుకోవడానికి షాపులో జనం ఉంటేగా! ఉన్నది ఇద్దరు. ఆయనా, ఆయన తోడల్లుడూ.

తోడల్లుడు ఏడాది కిందటిదాకా బస్సుల గరాజులో సీట్లు కుట్టేవాడు. ఇక్కడ కారు లోపలి పనంతా అతనిది, బయటి పాలిష్ మేస్త్రిది. మనిషి మాటకారి. వచ్చినవాళ్ళు అతన్నే పలకరిస్తున్నారు. పైగా ఈమధ్య "నాకూ పాలిష్ నేర్పకూడదూ, అన్నయ్యా?" అని రెండుసార్లు అడిగాడు. మేస్త్రి రెండుసార్లూ విననట్టు ఊరుకున్నాడు. ఇప్పుడు ఆ మాటలే చెవిలో జోరీగలా మోగుతున్నాయి. తను భోజనానికి ఇంటికెళ్ళి వచ్చే ముప్పావుగంటలో వీడు సొంతంగా నేర్చుకుంటున్నాడు!

"మీ చెల్లెలి మొగుడు నా మిషను కొంప ముంచుతున్నాడే" అన్నాడు ఆ మధ్యాహ్నం భార్యతో.

"అతనికి ఆ మోత వింటేనే తలనొప్పి. మీ అనుమానం పాడుగానూ!" అంది ఆవిడ వడ్డిస్తూ. అంతలో ఆయన చెయ్యి పట్టుకుని తిప్పింది. "వేలి మీద ఈ పొక్కేమిటండీ?"

"ఏదో గీసుకుని ఉంటుంది" అని చెయ్యి లాక్కున్నాడు. ఆయన మనసంతా షాపులోనే ఉంది.

మర్నాడు వెళ్ళేముందు ప్యాడ్లన్నిటి అంచునా పెన్నుతో ఆవగింజంత చుక్కలు పెట్టి, ఏది పైన, ఏది కింద ఉందో గుర్తుపెట్టుకున్నాడు. తిరిగొచ్చి చూస్తే చుక్కలూ, వరసా ఎక్కడివక్కడే ఉన్నాయి. కాని సొరుగులో పెట్టిన కొత్త ప్లేటు లేదు. మేస్త్రి ఒళ్ళు భగ్గుమంది. అయినా బయటపడలేదు. దొంగను చేతిలో సొత్తుతో పట్టుకోవాలి.

ఆ మరుసటి రోజు భోజనానికని బయల్దేరి, సందు చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. సగం దించిన షట్టరు కిందనుంచి వంగి చూశాడు. తోడల్లుడు అలమరలోంచి మిషను దించి, ప్యాడు ఊడదీసి, ప్లేటును వేలితో తడుముతున్నాడు. పక్కనే అతని సంచి. సంచిలోంచి కొత్త ప్లేటు తొంగిచూస్తోంది.

"ఏమయ్యా! ఆ ప్లేటు కాళ్ళొచ్చి నీ సంచిలోకి నడిచిందా?"

తోడల్లుడు ఉలిక్కిపడ్డాడు. కాని తల దించుకోలేదు.

"నేనే దాచాను. దీన్నీ కాల్చేస్తారని."

"నేనా కాల్చేది?"

"మరెవరు? మీరటు వెళ్ళగానే రోజూ ముట్టుకుని చూస్తున్నా. పెనంలా కాలుతుంటుంది. మీరేమో చల్లగానే ఉందంటారు. నేర్పమన్నానని కోపం వచ్చి, సామాను పాడైతే నేనే అడగడం మానేస్తానని కావాలనే చేస్తున్నారనుకున్నా."

మేస్త్రి షట్టరు ఎత్తి లోపలికొచ్చాడు. ఇన్నాళ్ళూ తను వాడిని కనిపెడుతుంటే, వాడు తనను కనిపెడుతున్నాడు!

"సరే, నీ కళ్ళముందే చేస్తా చూడు" అని మిషను అందుకుని, నిలబెట్టి ఉన్న కారు డోరుకు పాలిష్ పట్టాడు. అయ్యాక ప్యాడు తీసి ప్లేటు మీద వేళ్ళు ఆనించాడు. "ఇదిగో. చల్లగానే ఉంది."

తోడల్లుడు వేలు పెట్టి, "అబ్బా!" అని వెనక్కి లాక్కున్నాడు.

"నాటకాలాడకు."

"నాటకమా? చెంపకు దగ్గరగా పెట్టుకు చూడండి."

మేస్త్రి మిషనెత్తి చెంపకు దగ్గరగా తెచ్చుకున్నాడు. బెత్తెడు దూరంలో ఉండగానే సెగ కొట్టింది. మెల్లగా మిషను దించి కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. పొక్కు ఒకటి కాదు, మూడు. ఒకటి పగిలి పచ్చిగా ఉంది. నొప్పి మాత్రం లేదు. పొద్దున చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి ఎంతసేపు పట్టిందో గుర్తొచ్చింది. వేళ్ళకు పట్టు తెలియకే మిషనును అంతలా నొక్కుతున్నాడన్నమాట.

"ఎన్నాళ్ళనుంచి, అన్నయ్యా?" తోడల్లుడి గొంతు తగ్గింది.

"తెలీదు" అన్నాడు మేస్త్రి. అది నిజం.

ఏళ్ళ తరబడి మిషను అదురుకు వేళ్ళ నరాలు మొద్దుబారాయని డాక్టరు చెప్పాడు. ఇంకా పట్టుకుంటే ఉన్న స్పర్శా పోతుందన్నాడు. మేస్త్రి రెండురోజులు షాపు వైపే వెళ్ళలేదు. మూడోరోజు షాపుకొచ్చి, అలమరలోంచి మిషను దించి తోడల్లుడి చేతిలో పెట్టాడు.

"మిషను బరువు చాలు, నీ బరువు వెయ్యకు. అంచు మీద వాల్చకు. వేగం నేను చెప్పినప్పుడే పెంచు."

తోడల్లుడు చెవుల్లో దూది కుక్కుకుని మొదలుపెట్టాడు. మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకుని, ప్యాడు మీంచి కన్ను తిప్పకుండా కారు చుట్టూ తిరిగాడు.

"ఆగు. ప్యాడు మార్చు."

"ఇప్పుడేగా మార్చాను, అన్నయ్యా! ప్లేటు చల్లగానే ఉంది."

"నిన్ను నమ్మను. మార్చు."