ఆవుకు పెట్టే పొడి

ఒకే గొర్రెకు ఒకే పూట పుట్టిన రెండు పొట్టేలు పిల్లల్ని అత్త రత్నమ్మ ఇద్దరు కోడళ్ళకు చెరొకటి పంచింది. పంచినావిడ అంతటితో ఊరుకోలేదు. "వచ్చే జాతరకు రెంట్లో యాది బాగా బలిసుంటే దాన్నే మన ఇంటి పొట్టేలని పలకల మోత ముందర నడిపిద్దాం" అంది. ఆ ఒక్క మాటతో చిన్నకోడలు పుట్టమ్మకు కంటిమీద కునుకు లేకుండా పోయింది.

పెద్దకోడలు గంగులమ్మంటే పుట్టమ్మకు మొదటినుంచీ కడుపుమంటే. ఆమె చేసిన సంగటి మెత్తగా ఉంటుంది, ఆమె ఆవు ఎక్కువ పాలిస్తుంది, ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా ముందు ఆమెకే కబురొస్తుంది. అన్నిటికీ మించి ఆమె ఎవరినీ పల్లెత్తు మాట అనదు. తిట్టే మనిషయితే తిరిగి నాలుగు తిట్టి కడుపు చల్లబరుచుకోవచ్చు. తిట్టని మనిషిని ఏం చేస్తాం?

ఇప్పుడు పొట్టేలు కూడా. ఆరు నెలలు తిరిగేసరికి గంగులమ్మ పొట్టేలు మెడ లావెక్కి, దర్జాగా నిలబడుతోంది. పుట్టమ్మది దానికి కవలే అయినా, పక్కన నిలబెడితే దాని పిల్లలా ఉంది. ఉలవపొట్టు పెట్టింది, చెనిక్కాయ కట్టె మేపింది, దిష్టి కూడా తీసింది. గంగులమ్మ రోజూ పొద్దున్నే దాన్ని చెరువుకట్ట దాకా తోలుకుపోయి పచ్చిగడ్డి మేపుతుందన్న సంగతి మాత్రం పట్టించుకోలేదు. ఏదో రహస్యం ఉందనే పుట్టమ్మ నమ్మకం.

ఒక పొద్దున గోడ మీదుగా తొంగిచూస్తే, గంగులమ్మ సంచిలోంచి బూడిదరంగు పొడి తీసి తవుడులో కలుపుతోంది.

"అదేం పొడి అక్కా?"

"ఆవుకు పెట్టే మినరల్ పొడి, పుట్టమ్మా. పాలకేంద్రంలో ఇచ్చినారు. నువ్వు గొర్రెకు మాత్రం పెట్టగాకు. దాంట్లో రాగి ఉండాదంట, గొర్రెకు పడదంట."

పుట్టమ్మ లోలోపల నవ్వుకుంది. అడగకముందే పెట్టొద్దంటోందంటే, పెడితే బలుస్తుందనే కదా. రాగిచెంబులో నీళ్ళు తాగమని టీవీలో పొద్దస్తమానం చెబుతుంటారు. మనిషికి మంచిదయింది గొర్రెకు చెడ్డదెలా అవుతుంది? నా పొట్టేలు ఎక్కడ బాగుపడుతుందోనని ఈ మహాతల్లి కళ్ళలో నిప్పులు పోసుకుంటోంది, అనుకుంది.

మొగుడు కొండప్ప హిందూపురం పోతుంటే, పాలిచ్చే ఎనుముకు కావాలని చెప్పి ఆ పొడే అయిదు కిలోల సంచి తెప్పించింది. ఎనుముకు దాని వాసన కూడా చూపలేదు. రోజుకో పిడికెడు, గంగులమ్మ పొట్టేలు కంటబడిన రోజున రెండు పిడికెళ్ళు, తవుడులో కలిపి తన పొట్టేలుకే పెట్టింది. తవుడు దండిగా పడింది గనక పొట్టేలు నిజంగానే ఒళ్ళు చేసింది. అది పొడి మహిమేనని పుట్టమ్మ మురిసిపోయింది.

"బాగుండాది నీ పొట్టేలు, మా దాన్ని మించిపోయింది" అంది గంగులమ్మ ఒకరోజు. అప్పుడామె ముఖంలో అసూయ కోసం పుట్టమ్మ ఎంత వెతికినా కనబడలేదు. గెలిచిన ఆనందమంతా చప్పబడిపోయింది. ఆ సాయంత్రం ఇంకో పిడికెడు ఎక్కువేసింది.

జాతర పదిరోజుల్లో ఉందనగా పొట్టేలు మేత మానేసింది. గోడకు తల ఆనించి నిలబడింది. కళ్ళు పసుపు పూసినట్టున్నాయి, మూత్రం ఎర్రగా, నల్లగా పోతోంది.

"పోయేలోపల కోసేద్దాం, కార్జమైనా దక్కుతుంది" అన్నాడు కొండప్ప. గంగులమ్మ వినలేదు. తనే ఆటో పిలిపించి, పొట్టేలుతోపాటు పుట్టమ్మను ఎక్కించుకుని పెనుకొండలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరు కనురెప్ప ఎత్తి చూసి, ఏం పెడుతున్నారని అడిగాడు. పుట్టమ్మ చెప్పక తప్పింది కాదు.

"అది ఆవులకమ్మా. రాగి ఎక్కువైతే ఆవు కొంతవరకు తట్టుకుంటుంది, గొర్రె తట్టుకోదు. నెలల తరబడి కార్జంలో దాచుకుని, ఒక్కసారిగా నెత్తుట్లోకి వదిలేస్తుంది. ఇప్పుడు చేయడానికేం లేదు. కోసుకు తినేరు సుమా, ఆ కార్జం నిండా రాగే. మోతాదు మించితే మనిషి కాలేయమైనా దెబ్బతింటుంది." ఆయన చేతులు కడుక్కుంటూ అడిగాడు: "గొర్రెలకు పెట్టకూడదని మీకెవరూ చెప్పలేదా?"

పుట్టమ్మ గంగులమ్మ వైపు చూసింది. ఇక బయటపెడుతుంది, ఊరంతా చాటుతుంది, తన బతుకు వీధిన పడుతుంది అనుకుంది. అలా అయితే బాగుండునని కూడా ఒక్క క్షణం అనిపించింది.

"లేదు సార్" అంది గంగులమ్మ. "మాకెవరూ చెప్పలా. ఈ పిల్లకేం తెలుస్తాది."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలోనే, పుట్టమ్మ ఒడిలో తల పెట్టుకుని పొట్టేలు ప్రాణం విడిచింది. ఆమె కంట చుక్క నీరు రాలేదు.

"జాతరకు నా పొట్టేలును నువ్వే పట్టుకుని నడిపియ్యి" అంది గంగులమ్మ. "రెండూ ఒక కడుపున పుట్టినవే గదా."

ఆ మాటలో ఎక్కడైనా ఎత్తిపొడుపు ఉందేమోనని పుట్టమ్మ ఆశగా వెతికింది. లేదు. అప్పుడు ఏడ్చింది.